చెమట ఆగిన మనిషి

ఆ ఆటకు మేం పెట్టుకున్న పేరు బొప్పాయి ఆట. బంతి గుండ్రంగా ఉండదు, బొప్పాయి పండులా రెండు కొసలూ సన్నబడి ఉంటుంది. దాన్ని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. విసిరితే మాత్రం తప్పు. మైదానం కూడా కోడిగుడ్డు ఆకారంలోనే ఉంటుంది. ఈ చివర నాలుగు, ఆ చివర నాలుగు పొడవాటి స్తంభాలు. ఆస్ట్రేలియా నుంచి దుబాయ్ వచ్చి టీచర్లుగా, ఇంజనీర్లుగా పనిచేస్తున్నవాళ్లు కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. ఆ మైదానంలో గడ్డి పెంచే కంపెనీలో నేను పనివాణ్ణి.

కరోనా వల్ల ఒక సీజన్ మొత్తం ఆట లేదు. రెండు వేల ఇరవై ఒకటి వేసవి చివర, అక్టోబరులో మళ్లీ ఆడతామని క్లబ్బు నుంచి కబురు వచ్చింది. అప్పటికి మైదానం సగం ఎండిపోయి ఉంది. అంతకుముందు ఆరుగురం చేసిన పని ఇప్పుడు నేనూ, ఒక నేపాలీ అన్నా ఇద్దరమే చేయాలి. మిగతా నలుగురినీ కంపెనీ ఇంటికి పంపించేసింది. వాళ్లలో ఇద్దరికి ఆ సంగతి ఫోన్లో చెప్పారు. అందుకే ఆ రోజుల్లో జేబులో ఫోన్ రెండు మూడుసార్లు మోగాక గానీ నా చెయ్యి అటు వెళ్లేది కాదు.

మేమిద్దరం ఎండు గడ్డి గీకి, ఇసుక చల్లి, విత్తనం వేశాం. స్తంభాలకు తెల్లరంగు పూశాం. తాడు పట్టుకుని మైదానం చుట్టూ గీత గీశాం. మా సూపర్వైజరు కడప వైపు ముస్లిం, యాభై దాటిన మనిషి. మేం ఆయన్ని భాయ్ అనేవాళ్లం. క్లబ్బువాళ్లు ప్రాక్టీసుకు రావడం మొదలైన రోజు మమ్మల్ని నిలబెట్టి మరీ చెప్పాడు.

"వాళ్లు ఆడుకుంటా ఉంటే మీరు గీత దాటి లోపలికి పోవద్దండి. వాళ్లతో మాటలు పెట్టుకోవద్దండి. ఏమన్నా కంప్లైంటు పోయిందంటే ఖలాస్, టికెట్టు చేతికిస్తారు. నా చేతుల్లో ఏమీ లేదు."

మా పనికి తోడు ఇంకో పని కూడా పెట్టారు. వచ్చిన ప్రతి ఆటగాడి నుదుటి దగ్గర జ్వరం చూసే మిషను పెట్టి, ఆ అంకె రిజిస్టరులో రాయాలి. గేటు దగ్గర ఆ పని నాదే.

ఇక్కడ నా పాత పని గురించి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత ఒక సాయంత్రం ఆ మైదానంలో నేనెందుకు అంత వణికిపోయానో అర్థం కాదు.

దుబాయ్ రాకముందు నేను రాస్ అల్ ఖైమాలో ఒక రాతి క్వారీలో మూడేళ్లు చేశాను. నా పక్కన జగిత్యాల దగ్గరి మనిషి ఒకాయన పనిచేసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. ఒక జూలైలో, ఎండపూట విరామం అయిపోయి మళ్లీ పనిలోకి దిగాక, ఆయన నన్ను వాళ్ల తమ్ముడి పేరుతో పిలిచాడు. నవ్వులాటకేమో అనుకున్నాను. కాసేపటికి పార తిరగేసి పట్టుకుని, కర్రతో ఇసుక ఎత్తుతున్నాడు. మా అందరి చొక్కాలూ తడిసి ఒంటికి అతుక్కుని ఉంటే ఆయన చేతులు మాత్రం పొడిగా, ఉప్పు పేరుకుని తెల్లగా ఉన్నాయి. ఫోర్‌మన్‌కు చెబుదామని రెండడుగులు వేశాను. ఆ రోజు ఫోర్‌మన్ పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉన్నాడు. చాయ్ టైములో చెబుదాంలే అనుకుని వెనక్కి వచ్చాను. చాయ్ టైముకు ఆయన కంకర మిషను వెనక నీడలో పడుకుని ఉన్నాడు. ఎంత లేపినా లేవలేదు.

తర్వాతి వారం కంపెనీవాళ్లు మెస్సులో మా అందరినీ కూర్చోబెట్టి హిందీలో ఒక వీడియో చూపించారు. మాటలు తడబడటం, తిక్కతిక్కగా నడవడం, ఒళ్లు కాలిపోవడం. అలా కనబడితే ఆగకుండా చల్లబరచాలి, ఐసు పెట్టాలి, నీళ్లు పోయాలి, ఆస్పత్రి సంగతి ఆ తర్వాత. ఆ వీడియోలో చూపించినవన్నీ వారం ముందే నా కళ్లతో చూసి ఉన్నాను. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎండ తక్కువగా ఉండే పని ఎక్కడైనా దొరికితే చాలనుకుని గడ్డి పనిలోకి మారాను.

అది సెప్టెంబరు నెలలో ఒక సాయంత్రం. ఎండ తగ్గింది కానీ సముద్రం మీంచి తేమ వచ్చి మైదానం మీద కూర్చుంది. ఊపిరి తీస్తే తడిగుడ్డ మొహం మీద వేసుకున్నట్టుంది. క్లబ్బు కోచ్ అందరినీ త్వరగా రమ్మన్నాడు. ఆయన భారీ మనిషి, మెడలో ఎప్పుడూ విజిల్ ఉంటుంది. చెడ్డవాడు కాదు, పోయేటప్పుడు మా ఇద్దరికీ చెయ్యి ఊపి మరీ పోయేవాడు. కానీ ఏడాదిన్నర ఆట లేక అందరి ఒళ్లూ బరువెక్కాయని ఆయనకు తొందర. ఆ రోజు మైదానం చుట్టూ పరుగుపందెం పెట్టి ఎవరికి ఎంత దమ్ముందో చూస్తానని ముందే చెప్పాడట.

గేటు దగ్గరికి ఆ రోజు కొత్తాయన ఒకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, పొడుగు, బడిలో టీచరట. ఆస్ట్రేలియా నుంచి వచ్చి వారమే అయింది. అక్కడ చలికాలం ఇంకా పూర్తిగా పోలేదని తర్వాత తెలిసింది. మిషను పెడితే ముప్పై ఎనిమిది పాయింటు ఒకటి చూపించింది. నేను భాయ్ వైపు చూశాను.

"ఎండలో వచ్చినాడు కదా, అట్లే చూపిస్తాది. లోపల ఏసీలో కాసేపు కూర్చోబెట్టి మళ్లా చూడు" అన్నాడు భాయ్.

ఐదు నిమిషాలయ్యాక మళ్లీ చూస్తే ముప్పై ఏడు పాయింటు రెండు. అదే రాశాను. ఆయన "గుడ్?" అని అడిగాడు. "గుడ్" అన్నాను. నవ్వి లోపలికి పోయాడు.

వాళ్లు పరుగు మొదలుపెట్టినప్పుడు మేమిద్దరం అవతలి చివర స్తంభాలకు మెత్తటి దిండ్లు కడుతున్నాం. ఆటగాళ్లు గుద్దుకుంటే దెబ్బ తగలకుండా కట్టే దిండ్లవి. మొదటి రౌండు అందరూ గుంపుగా వెళ్లారు. రెండో రౌండుకు విడిపోయారు. మూడో రౌండులో ఆ కొత్తాయన అందరికంటే వెనక, మా ముందు నుంచి పోతున్నాడు. ఒక కాలు నేల మీద సరిగ్గా పడటం లేదు. తల ఒక పక్కకు వాలి ఉంది. ముందుపోయిన వాళ్ల చొక్కాలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. ఈయన చేతులు మాత్రం పొడిగా, మోచేతుల దగ్గర తెల్లగా ఉన్నాయి.

నా చేతిలోని తాడు జారిపోయింది.

గీత దాకా వెళ్లాను. పొద్దున నేనే తాడు పట్టి గీసిన గీత అది. అక్కడ ఆగిపోయాను. దూరంగా కోచ్ గడియారం చూసుకుంటున్నాడు. ఏమని అరవాలి? ఏ భాషలో? నేను అరిచాక ఆయనకేమీ కాకపోతే? పరిగెత్తేవాణ్ణి కూలివాడొకడు ఆపాడని రేపు ఫోన్ వస్తే? ఇంకో రౌండు చూద్దాం, అప్పటికీ అలాగే ఉంటే చెబుదాం అనుకున్నాను. అలా అనుకుంటుంటేనే జగిత్యాల అన్న గుర్తొచ్చాడు. క్వారీలోనూ ఇలాగే అనుకున్నాను.

ఆ రౌండు ఎంత పొడుగ్గా సాగిందో చెప్పలేను. నేపాలీ అన్న నా మొహం చూసి "క్యా హువా?" అన్నాడు. నేను పరిగెత్తేవాళ్ల మీంచి కళ్లు తిప్పలేదు. ఆ పొడుగాయన మళ్లీ మావైపు వచ్చేసరికి పరుగు లేదు, తూలుకుంటూ నడుస్తున్నాడు. నా ఎదురుగా ఆగి, నన్నే చూస్తూ, ఏదో అడిగాడు. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రమే అయినా అవి సరైన మాటలు కావని తెలిసింది. తర్వాత తిన్నగా కంచె వైపు నడవడం మొదలుపెట్టాడు, అక్కడ దారి ఉన్నట్టు.

"కోచ్! స్టాప్! నో స్వెట్! నో స్వెట్!" అని అరిచాను. నా గొంతు నాకే గుర్తుపట్టరాలేదు.

కోచ్ ఇటు చూసి, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి పైకెత్తాడు. అప్పుడే ఆ పొడుగాయన మోకాళ్ల మీద పడి, పక్కకు ఒరిగిపోయాడు. నేను గీత దాటి పరిగెత్తాను.

చెయ్యి వేస్తే పొయ్యి మీది పెనం తాకినట్టుంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. వాంతి చేసుకున్నాడు. నేను ఆయన్ని పక్కకు తిప్పాను. ఆటగాళ్లందరూ చుట్టూ మూగారు, అంతలో ఎవరో "కోవిడ్" అన్నారు. ఆ మాటకు ఒక్కసారిగా అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు. వాళ్లను తప్పుపట్టను, నాకూ వెనక్కి జరగాలనే అనిపించింది. అప్పటికే ఆయన వాంతి నా చేతుల మీద ఉంది. కోచ్ ఫోన్లో అంబులెన్సు కోసం మాట్లాడుతున్నాడు.

ఇసుక మీద కప్పిన నీలం టార్పాలిను లాక్కొచ్చి, నేపాలీ అన్నా నేనూ ఆయన్ని దాని మీదికి చేర్చాం. "ఐస్! ఐస్!" అని అరిస్తే ఇద్దరు ఆటగాళ్లు కూల్‌డ్రింకుల డబ్బా మోసుకొచ్చి కుమ్మరించారు. ఉన్న ఐసు ఆ ఒక్క డబ్బాలోదే. నీళ్లు కావాలి. దగ్గర్లో ఉన్నది గడ్డికి పెట్టే పైపు ఒక్కటే.

ఆ పైపు ఊదా రంగులో ఉంటుంది. దాంట్లో వచ్చేది మురుగు శుద్ధి చేసిన నీళ్లు. పక్కనే బోర్డు కూడా ఉంటుంది, తాగరాదు, ఒంటికి తగలనీయరాదు అని మూడు భాషల్లో. మేం ఆ నీళ్లు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలని రూలు. నేను పైపు అందుకోవడం చూసి నేపాలీ అన్న నా భుజం పట్టుకున్నాడు.

"అరే, యే గందా పానీ హై. ముసీబత్ హో జాయేగా" అన్నాడు, మురికి నీళ్లు, చిక్కుల్లో పడతామని.

"ఔర్ పానీ కిధర్ హై?" అన్నాను, ఇంకెక్కడున్నాయి నీళ్లని.

అతను చుట్టూ చూశాడు. భుజం వదిలేశాడు.

వాల్వు తిప్పితే మొదట మరిగే నీళ్లు వచ్చాయి. పొద్దంతా ఎండలో పడి ఉన్న పైపు మరి. ఆ నీళ్లు గడ్డి మీదికి వదిలి, చల్లబడేదాకా చెయ్యి కింద పెట్టి చూస్తూ నిలబడ్డాను. అవి కొన్ని క్షణాలే అయి ఉంటాయి. నేల కింది ట్యాంకు నీళ్లు అందాక పైపు ఆయన మీదికి తిప్పాను, మొహానికి తగలకుండా మెడ నుంచి కిందికి. కోచ్ ఫోన్ పెట్టేసి వచ్చి, బోర్డు చదివి, నన్ను చూశాడు. వద్దంటాడనుకున్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని టార్పాలిను అంచు పైకెత్తి పట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి తలా ఒక అంచు పట్టుకున్నారు. టార్పాలిను తొట్టిలా అయింది. ఐసూ నీళ్లూ కలిపి ఆయన ఒంటి మీద అటూ ఇటూ ఊపాం.

అంబులెన్సు వచ్చేసరికి పావుగంట పైనే పట్టింది. దానికి కాస్త ముందు ఆయన చేతులు విదిలించాడు. నా దవడ మీద ఒక దెబ్బ తగిలింది. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు విన్నాక నేను అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను.

అంబులెన్సు వెళ్లాక భాయ్ నన్ను స్టోరు గది వెనక్కి తీసుకెళ్లాడు. ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎవురు చెప్పినారు నీకు ఆ నీళ్లు పోయమని? ఆయప్పకు ఏమన్నా అయితే మనిద్దర్నీ తీసకపోయి లోపలేస్తారు. తెలుసునా నీకు?"

"ఇంకేం నీళ్లున్నయ్ భాయ్ అక్కడ?"

"అదంతా వాళ్లు వింటారా?" అని, గొంతు తగ్గించి అన్నాడు. "గేటుకాడ మొదటిసారి ఎంత వచ్చిందో అది ఎవురికీ చెప్పొద్దు. నీకు దండం పెడతా. నాకు ముగ్గురు ఆడపిల్లలు."

నన్ను మేముండే అల్ వర్సాన్ క్యాంపులోనే ఒక వేరే గదిలో ఉంచారు. వాంతి తగిలింది కాబట్టి కరోనా పరీక్ష వచ్చేదాకా బయటికి రాకూడదు. ఇనుప మంచం, ఏసీ, కిటికీలోంచి గోదాము గోడ. మూడు రోజులు ఆ గోడనే చూశాను. ఆయన బతికాడో లేదో ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు. నీళ్లు నోట్లోకి పోయి ఉంటాయా, ఐసు నీళ్లకు గుండె ఆగి ఉంటుందా, బయట బండి ఆగిన చప్పుడైతే పోలీసులేనా, ఇవే ఆలోచనలు. సూట్‌కేసు దించి బట్టలు సర్దాను. పంపించేస్తే కనీసం వెతుక్కునే పని ఉండదని.

మా ఆవిడ ఫోన్ చేసింది.

"గొంతు గట్లున్నదేంది?"

"ఏం లేదు. ఏసీకి జలుబు చేసింది."

"కరోనా గిట్ల కాదు గదా? నిజం చెప్పు."

"కాదే, పనిలో ఉన్న, మల్ల చేస్త" అని పెట్టేశాను. నాకు అబద్ధం చెప్పడం రాదని ఆమెకు తెలుసు. ఆ రోజు ఇంకో నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు.

మూడో రోజు పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ సాయంత్రమే ఆఫీసుకు రమ్మన్నారు. లోపల ముదీర్ బల్ల వెనక కూర్చున్నాడు, కంపెనీకి పెద్ద ఆయనే. పక్కన కోచ్. నిలబడి భాయ్. నన్ను కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటే ఇంటికి పంపించడానికేనని మా క్యాంపులో అందరూ అనుకునేవారు. నేను కుర్చీ అంచు మీద కూర్చున్నాను.

కోచ్ ముందుగా ఒక్క మాట చెప్పాడు. "అలైవ్." బతికున్నాడన్న ఆ ఒక్క మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతాది భాయ్ తెలుగులో చెప్పాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయట, ఇంకా ఆస్పత్రిలోనే ఉంటాడట. పొద్దున జ్వరం వస్తే మాత్ర వేసుకుని ప్రాక్టీసుకు వచ్చాడట. చల్లబరచకుండా ఆస్పత్రికి తెచ్చి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట.

ముదీర్ అడిగాడు. ఆ నీళ్లు మనుషులకు వాడకూడదని తెలుసా? తెలుసన్నాను. మరెందుకు పోశావ్? వేరే నీళ్లు లేవన్నాను. ఆయన రాసుకున్నాడు. గేటు దగ్గర జ్వరం చూశారా అని భాయ్‌ని అడిగాడు. భాయ్ రిజిస్టరు తీసి చూపించాడు. ముప్పై ఏడు పాయింటు రెండు. నేను నేల చూపులు చూశాను. భాయ్ వేలు ఆ అంకె కిందే ఉంది.

తర్వాత కోచ్ నావైపు తిరిగి, నీకు ఎప్పుడు తెలిసింది అని అడిగాడు. పడిపోవడానికి ఎంత ముందు?

భాయ్ తెలుగులో చెబుతూ చెబుతూ, అదే గొంతుతో, "పడినప్పుడే చూసినానని చెప్పు, సరిపోతాది" అని కలిపాడు.

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలియదు. చూసి కూడా ఊరుకున్నాడని కేసు పెడతారేమో. కానీ క్వారీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, అది మూడేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. రెండోది కూడా మింగే శక్తి నాకు లేకపోయింది.

"వన్ రౌండ్ బిఫోర్," అన్నాను. "ఐ సీ. ఐ ఫియర్. ఐ స్టాండ్."

కోచ్ చాలాసేపు బల్ల మీద తన చేతులే చూసుకున్నాడు. తర్వాత మెల్లగా ఏదో అన్నాడు. నేను భాయ్ మొహంలోకి చూశాక దాన్ని తెలుగులో చెప్పాడు.

"ఆయన కూడా చూసినాడంట. ఒక రౌండు ముందే. దమ్ము లేక అట్ల తూలతా ఉండాడనుకున్నాడంట."

నన్ను పంపించలేదు. కానీ రూలు తప్పి ఆ నీళ్లు వాడినందుకు కంపెనీ ఒక వార్నింగ్ కాగితం ఇచ్చింది, సంతకం పెట్టాను. కాగితం చేతిలో పెట్టుకుని బయటికి వచ్చాక కోచ్ పార్కింగు దాకా నాతో నడిచాడు. నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే చెప్పాడు. "యూ సీ, యూ షౌట్. ఎనీ టైమ్. నో లైన్." భాయ్ నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. గేటు దగ్గరి అంకె గురించి మేమిద్దరం ఆ రోజూ మాట్లాడుకోలేదు, తర్వాతా మాట్లాడుకోలేదు. అది చెప్పకపోవడం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

వారం తిరక్కుండానే క్లబ్బువాళ్లు ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి కొని గీత పక్కన పెట్టారు. ప్రాక్టీసు ఉన్న ప్రతిసారీ దాన్ని మంచినీళ్లతో, ఐసుతో నింపడం మా పని. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రెండు వారాలు పరుగు లేదు, నడకే. ఇన్ని చేసినా నా భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎవడైనా షూ లేసు కట్టుకోవడానికి వంగితే నా కాలు గీత దాటబోయేది. రెండుసార్లు ఉత్తపుణ్యానికి అరిచి ఆట ఆపించాను. ఒకాయనకు కాలు పట్టేసిందంతే. ఇంకొకాయన ఏదో జోకుకు నవ్వుతూ గడ్డిలో పడుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు కానీ సిగ్గుతో చచ్చిపోయాను.

అక్టోబరులో మొదటి మ్యాచ్ రోజు, ఆట మొదలవడానికి గంట ముందు, కోచ్ కారులోంచి ఆ పొడుగాయన దిగాడు. సగం మనిషి అయ్యాడు. ఈ సీజన్ ఆడడట. నా దగ్గరికి వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని చాలా చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. ఆ సాయంత్రం సంగతి ఏదీ గుర్తులేదట, నా మొహం కూడా. పర్వాలేదు సార్ అన్నాను. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

కాసేపటికి ఆయన లేచి, మైదానం మధ్య దాకా నడిచి వస్తానన్నాడు. ఎండ ఇంకా ఉంది. వద్దని చెప్పడానికి నాకు మాటలు రాలేదు, కోచ్ దూరంగా ఉన్నాడు. ఆయన బయల్దేరాడు. నేనూ ఒక సీసా నీళ్లు పట్టుకుని పక్కనే నడిచాను. పట్టుకుంటే బాగోదని పట్టుకోలేదు, పడితే అందేంత దూరంలో చెయ్యి ఉంచాను. ఆయన మధ్యలో నిలబడి అవతలి చివరనున్న నాలుగు స్తంభాల వైపు చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహమే చూశాను. తర్వాత, ఎన్నిసార్లు ఆగామో, తిరిగి వచ్చాం. ఆయన కుర్చీలో కూర్చుని సీసా మూత తీశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.